నేల ఒప్పుకుంటేనే రాడార్ చూపు

(గుంటూరులో సివిల్ ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు, భూగర్భశాస్త్ర విద్యార్థులు హాజరైన సభలో ఒక భూభౌతిక శాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈమధ్య నాకు వచ్చే ఫోన్లు మూడు రకాలుగా ఉంటున్నాయి. రోడ్డు తవ్వబోతున్న కాంట్రాక్టరు, కింద మంచినీటి పైపు ఎక్కడుందో, కేబుళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూసిపెట్టమని అడుగుతారు. రెండు బోర్లు వేయించి రెండూ ఎండిపోయిన రైతు, "సార్, భూమిలోకి చూసే మిషను మీ దగ్గరుందంట గదా, మా చేలో నీళ్ళెక్కడున్నాయో చెప్పండి" అంటారు. మూడో రకం వారు పేరు చెప్పరు. గొంతు తగ్గించి, పాత గుడి వెనక పొలంలో ఏదో ఉందని పెద్దలు చెప్పుకునేవారని మొదలుపెడతారు. ఈ ముగ్గురికీ నేను వేసే మొదటి ప్రశ్న ఒకటే: "మీది ఏ నేలండీ?" యంత్రం గురించి అడిగితే నేల గురించి మాట్లాడతాడేమిటని వారు విసుక్కోవడం ఫోన్లోనే తెలిసిపోతుంది. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతానో తీరికగా చెప్పుకునే అవకాశం ఈ సాయంత్రం దొరికింది.

గ్రౌండ్ పెనట్రేటింగ్ రాడార్, వాడుకలో మనం జి.పి.ఆర్. అనుకునే ఈ యంత్రం చూడటానికి చిన్న తోపుడు బండిలా ఉంటుంది. బండి అడుగున, నేలకు దాదాపు ఆనుకుని, ఒక పెట్టె ఉంటుంది. అందులోని ఒక యాంటెన్నా అతి స్వల్పకాలం పాటు రేడియో తరంగాన్ని నేలలోకి పంపుతుంది. పక్కనున్న రెండో యాంటెన్నా, లోపలి నుంచి తిరిగి వచ్చినదాన్ని అందుకుంటుంది. చక్రానికి బిగించిన ఒక లెక్కింపు పరికరం బండి ఎంత దూరం నడిచిందో చూసుకుంటూ, రెండు మూడు సెంటీమీటర్లకొకసారి ఈ పంపడం, అందుకోవడం జరిగేలా చేస్తుంది. అలా వచ్చిన గీతలన్నిటినీ పక్కపక్కన పేర్చితే తెర మీద నేల నిలువుకోత వంటి బొమ్మ ఏర్పడుతుంది. "వంటి" అన్న మాట నేను ఊరికే వాడలేదు. ఆ బొమ్మలో అడ్డంగా ఉన్నది దూరమే గాని, నిలువుగా ఉన్నది లోతు కాదు. అది కాలం, తరంగం వెళ్ళి రావడానికి పట్టిన నానోసెకన్లు. కాలాన్ని లోతుగా మార్చే పని మనిషిది, ఆ మార్పులోనే సగం తప్పులు దొర్లుతాయి. వాటిలో ఒకటి నేను చేసినదే, తర్వాత చెబుతాను.

శూన్యంలో, ఇంచుమించుగా గాలిలో కూడా, రేడియో తరంగం ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోతుంది. నేలలోకి దిగగానే దాని వేగం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది ఆ పదార్థపు రోధక స్థిరాంకం, అంటే మన ఇంజనీర్లు డైఎలక్ట్రిక్ కాన్‌స్టంట్ అనే అంకె, తేలుస్తుంది. ఆ అంకె వర్గమూలంతో 30ని భాగిస్తే వేగం వస్తుంది. గాలికి ఆ అంకె 1. పొడి ఇసుకకు 3 నుంచి 5 దాకా, గ్రానైటుకు 5కు అటూ ఇటూ. నీటికి మాత్రం దాదాపు 80. నేలలో కలిసే పదార్థాలన్నిటిలో నీరు ఒక్కటే ఇంత పెద్ద అంకెతో కూర్చుంది కాబట్టి, జి.పి.ఆర్. నిజానికి చూసేది చాలావరకు నీటినే: ఎక్కడ తడి ఎక్కువ, ఎక్కడ తక్కువ, ఎక్కడ ఆ తేడా హఠాత్తుగా మారింది అన్నదే. తేడా ఉన్న చోట తరంగంలో కొంత భాగం వెనక్కి మళ్ళుతుంది. తేడా లేని చోట, కింద ఏమున్నా సరే, తెర మీద ఏమీ కనిపించదు. పొడి ఇసుక కిందున్న తడి ఇసుక మీద పడిన తరంగపు ఎత్తులో నూటికి నలభైకి పైగా వెనక్కి వస్తుంది. అదే పొడి ఇసుకలో పూడ్చిన, లోపల కూడా పొడి ఇసుకే నిండిన పీవీసీ గొట్టం నుంచి వచ్చేది బహు కొద్ది. ఇనుము సంగతి వేరు, అది వచ్చినదంతా తిప్పికొడుతుంది.

ఈ పద్ధతి చరిత్ర మంచు నుంచి మొదలైంది. 1929లో ఆస్ట్రియాలోని ఒక హిమానీనదం మందాన్ని రేడియో తరంగాలతో కొలిచారు. ఆ తర్వాత చాలాకాలం దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధానంతర కాలంలో ధ్రువప్రాంతపు మంచు మీద ఎగిరే విమానాల రేడియో ఎత్తుమాపకాలు తప్పుడు ఎత్తులు చూపిస్తుంటే, తరంగం మంచు పైభాగం నుంచి కాక మంచును దాటి అడుగున ఉన్న రాతి నుంచి తిరిగి వస్తోందని అర్థమైంది. పరికరం చేసిన పొరపాటు ఒక విద్యకు దారి చూపిన సందర్భాలలో ఇదొకటి. 1972లో అపోలో 17 వ్యోమగాములు చంద్రుడి మీదికి ఇటువంటి ప్రయోగ సామగ్రిని తీసుకువెళ్ళారు. 2019లో చంద్రుడి అవతలి వైపు దిగిన చైనా వారి చాంగ్-ఎ 4 రోవరు, 500 మెగాహెర్ట్జ్ రాడార్‌తో అక్కడి నేలలో 40 మీటర్ల లోతు దాకా చూడగలిగింది. ఇంచుమించు అదే పౌనఃపున్యపు యంత్రంతో నేను గుంటూరు శివారు రేగడి చేలో, వానాకాలంలో, ఒక మీటరు దాటి నమ్మకంగా ఏమీ చూడలేకపోయాను. చంద్రుడి మీద తడి లేదు, బంకమన్ను లేదు, ఉప్పు లేదు. మన దగ్గర మూడూ ఉన్నాయి.

ఇక్కడ కొంచెం సేపు ఆగుతాను, ఎందుకంటే మన ప్రాంతానికి సంబంధించినంతవరకు అసలు విషయం ఇదే.

తరంగం నేలలో నీరసించడానికి ప్రధాన కారణం ఆ నేల విద్యుత్తును ప్రవహింపజేయడం. మీలో చాలామంది నిరోధకత సర్వేలు, అంటే నేల విద్యుత్తును ఎంతగా అడ్డుకుంటుందో కొలిచే సర్వేలు, చేయించినవారే కాబట్టి ఆ భాషలోనే చెబుతాను. కృష్ణా డెల్టాలో తడిసిన బంకమన్నుకు 10 ఓమ్-మీటర్ల నిరోధకత కొత్తేమీ కాదు, అంతకన్నా తక్కువ కూడా చూస్తాం. రోధక స్థిరాంకం 25 అనుకుంటే, అటువంటి నేలలో ఒక్క మీటరు దిగేసరికి తరంగం 33 డెసిబెళ్ళు కోల్పోతుంది; మళ్ళీ పైకి రావాలి కాబట్టి మొత్తం 66. డెసిబెళ్ళ లెక్క అలవాటు లేనివారికి చెప్పాలంటే, మనం పంపిన శక్తిలో పది లక్షల వంతుకు కూడా తక్కువే తిరిగి చేరుతుంది. రెండు మీటర్ల లోతున ఉన్న వస్తువు గురించి అడిగితే అది లక్ష కోట్ల వంతుకన్నా తక్కువ. ఇందులో తరంగం చుట్టూ పరచుకుపోవడం వల్ల పోయేది, రాళ్ళకు తగిలి చెదిరిపోయేది నేను కలపనేలేదు. అదే 10,000 ఓమ్-మీటర్ల పొడి ఇసుకలో పది మీటర్లు దిగి పైకి వచ్చినా ఈ కారణం చేత పోయేది రెండు డెసిబెళ్ళలోపే. తడి రేగడిలో తరంగం అక్షరాలా నీరుగారిపోతుంది.

నల్లరేగడిలోని బంకమట్టి రేణువుల స్వభావమే అటువంటిది. ఆ రేణువుల ఉపరితలం మీద అయాన్లు అంటిపెట్టుకుని ఉంటాయి. కొంచెం తడి తగిలితే చాలు, అవి కదిలి విద్యుత్తును మోస్తాయి. అందుకే ఈ నేలలో ఉప్పునీరు లేకపోయినా వాహకత ఎక్కువే. వేసవిలో చేస్తే పోలేదా అని కొందరు అడుగుతారు. కొంత నిజమే. రోహిణి కార్తె ఎండలకు పైనున్న తడి ఆరి, చూపు కాస్త లోతుకు పోతుంది. కాని అప్పుడు చేలో నెర్రెలు విచ్చి ఉంటాయి. ఒక్కొక్క నెర్రెలో గాలి ఉంటుంది, ఒక్కొక్కటీ తరంగాన్ని చెదరగొడుతుంది. తెర నిండా గీతలు వస్తాయి గాని వాటిలో మనకు కావలసినది ఏదో తేల్చడం కష్టం. చూపు మసకబారడం ఒక కష్టమైతే, అక్కరలేనివన్నీ కనబడటం ఇంకొక కష్టం.

అయితే మన ప్రాంతమంతా ఒకే నేల కాదు. ఇక్కడి నుంచి బాపట్ల వెళ్ళి, సూర్యలంక దారిలో ఇసుక పర్రల మీద ఇదే బండిని తోయండి. అది వేరే యంత్రమా అనిపిస్తుంది. ఇసుక పొరల ఏటవాలు గీతలు, వాటి కింద బల్లపరుపుగా నీటిమట్టం స్పష్టంగా కనిపిస్తాయి. ఇసుక ముతకగా ఉన్నచోట నీటిమట్టం గీత గీసినట్టు పడుతుంది, ఎందుకంటే ముతక ఇసుకలో తడి పైకి ఎగబాకదు. సన్నని మట్టిలో తడి మెల్లమెల్లగా పెరుగుతుంది కాబట్టి గీత అలుక్కుపోతుంది. ఆ ఇసుకలో పైన తేలే మంచినీటి కింద ఉప్పునీరు ఉంటుంది. అక్కడికి చేరగానే బొమ్మ ఆగిపోతుంది. ఉప్పునీటి కింద ఏముందో జి.పి.ఆర్. చెప్పలేదు; ఎంత ఖరీదైన యంత్రమైనా చెప్పలేదు.

విజయవాడ కొండలది మరొక కథ. అక్కడి ఖోండలైటు, చార్నోకైటు రాయి తాజాగా, గట్టిగా ఉన్నంతవరకు తరంగానికి అడ్డం లేదు. 100 మెగాహెర్ట్జ్ యాంటెన్నాతో పది, పదిహేను మీటర్ల లోతున ఉన్న పగుళ్ళు కూడా దొరకవచ్చు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయిన తర్వాత, కొండలన్నిటినీ రాడార్‌తో చూడవచ్చు కదా అని నన్ను అడిగినవారున్నారు. చూడవచ్చు, కాని కొన్ని సంగతులు తెలుసుకుని చూడాలి. కొండ ముఖానికి ఇంచుమించు సమాంతరంగా ఉన్న పగులు బాగా కనబడుతుంది. ముఖానికి అడ్డంగా నిలువునా దిగిపోయే పగులు కనబడదు, దాని మీద పడిన తరంగం మన వైపు తిరిగి రాదు కాబట్టి. ఖోండలైటు శిథిలమైతే తెల్లని సుద్దమట్టిగా మారుతుంది. అక్కడ చూపు మళ్ళీ తగ్గుతుంది. పైగా ఏటవాలు కొండ మీద యాంటెన్నాను రాతికి ఆనించి, తాళ్ళతో దింపుతూ నడపడం చెప్పినంత తేలిక కాదు. పగులు ఎక్కడుందో రాడార్ చెబుతుంది. ఆ బండ ఎప్పుడు కదులుతుందో చెప్పడం దాని పని కాదు.

పౌనఃపున్యం ఎంపిక గురించి విద్యార్థుల కోసం ఒక మాట. వేగం నానోసెకనుకు 10 సెంటీమీటర్లు ఉన్న నేలలో 400 మెగాహెర్ట్జ్ తరంగపు పొడవు 25 సెంటీమీటర్లు. పొరలను విడదీసి చూపే శక్తి స్థూలంగా అందులో నాలుగో వంతు, అంటే సుమారు 6 సెంటీమీటర్లు. 100 మెగాహెర్ట్జ్‌కు దిగితే చూపు లోతుకు పోతుంది గాని, ఆ 6 కాస్తా 25 అవుతుంది. కాంక్రీటు శ్లాబులో కమ్మీలు వెతకడానికి 1.5 నుంచి 2.6 గిగాహెర్ట్జ్ వరకు వాడతాం; అక్కడ అర మీటరు లోపే మన పని. లోతు కావాలంటే సూక్ష్మత వదులుకోవాలి, సూక్ష్మత కావాలంటే లోతు వదులుకోవాలి. రెండూ ఒకే యాంటెన్నాలో ఇస్తామని ఎవరైనా కరపత్రం పంచితే, ఏ నేలలో ఇస్తారో రాసివ్వమనండి.

ఇప్పుడు నా తప్పు సంగతి. చాలా ఏళ్ళ కిందట ఒక పట్టణంలో కేబులు కోసం కందకం తవ్వడానికి ముందు, పాత ఏసీ పైపు ఎక్కడుందో చూసిపెట్టమని ఒక కార్యాలయం వారు పిలిచారు. ఆస్బెస్టాస్ సిమెంటు పైపు కాబట్టి లోహాన్ని పట్టే పైపు లొకేటరుకు అందదు, అందుకే జి.పి.ఆర్. అక్టోబరు వానలు వెలిసి వారం కాలేదు. తెర మీద పైపు చక్కగా, తలకిందులైన దొన్నెలా కనబడింది. పైపు గుండ్రంగా ఉన్నందువల్ల ఆ ఆకారం రాదు. యాంటెన్నా నుంచి తరంగం దివిటీ వెలుతురులా పరచుకుని పోతుంది కాబట్టి, బండి పైపు మీదికి రాకముందే పైపు కనబడటం మొదలై, దాటిపోయాక కూడా కనబడుతూనే ఉంటుంది. దూరంగా ఉన్నప్పుడు ఎక్కువ కాలం, నెత్తిమీద ఉన్నప్పుడు తక్కువ కాలం. అందువల్ల ఒక బిందువు అతిపరావలయంగా సాగుతుంది. దాని శిఖరం దగ్గర కాలం 22 నానోసెకన్లు. యంత్రంలో ముందుగా అమర్చి ఉన్న వేగం నానోసెకనుకు 10 సెంటీమీటర్లు. రానూపోనూ 220 సెంటీమీటర్లు, అంటే లోతు 1.1 మీటర్లని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. 80 సెంటీమీటర్ల దాకా నిశ్చింతగా తవ్వవచ్చని వారు అనుకోవడంలో తప్పేమీ లేదు.

జేసీబీ తొట్టి 65 సెంటీమీటర్ల దగ్గరే పైపును పగలగొట్టింది. ఆ వీధికి రెండు రోజులు ట్యాంకర్లు తిరిగాయి.

ఇంటికి వచ్చి ఆ రికార్డు మళ్ళీ తీసి చూశాను. సమాధానం అందులోనే ఉంది. శిఖరానికి అర మీటరు పక్కన ఆ వంపు 27.6 నానోసెకన్ల దగ్గర ఉంది. నేను రాసినట్టు లోతు 1.1 మీటర్లు, వేగం 10 అయితే అక్కడ 24.2 ఉండాలి. 27.6 రావాలంటే వేగం 6 సెంటీమీటర్లు, లోతు 66 సెంటీమీటర్లు కావాలి. వాన తడికి నేల రోధక స్థిరాంకం 9 నుంచి 25కు పోయింది, నేను మాత్రం పాత అంకెనే నమ్ముకున్నాను. వంపు ఎంత బిగుతుగా ఉందో చూస్తే వేగం ఎంతో అదే చెబుతుంది. ఆ పనికి ఐదు నిమిషాలు చాలు. నేను ఆ ఐదు నిమిషాలు ఖర్చు పెట్టలేదు. అప్పటి నుంచి నా నివేదికలలో వేగం ఎంత తీసుకున్నానో, దాన్ని ఎలా తేల్చానో, చివరిగా వాన ఎప్పుడు పడిందో రాస్తున్నాను. మీరు జి.పి.ఆర్. నివేదిక తెప్పించుకుంటే ఈ మూడూ ఉన్నాయేమో ముందు చూడండి. లేకపోతే అందులోని లోతులను అంచనాగా మాత్రమే తీసుకోండి. దగ్గరలో ఏదైనా వాల్వు చాంబరు మూత తెరిచి పైపు లోతు టేపుతో కొలిచి, దానితో సరిచూసుకోవడం ఇంకా మేలు.

ఇదే వంపు మరొక మోసాన్ని కూడా పట్టిస్తుంది. యాంటెన్నా తరంగమంతా నేలలోకే పోదు, కొంత గాలిలోకి తప్పించుకుంటుంది. కరెంటు స్తంభానికో, ఆగివున్న లారీకో, పక్క గోడకో తగిలి అది తిరిగి వస్తే, తెర మీద భూమిలో ఏదో లోతున పెద్ద వస్తువు ఉన్నట్టు పడుతుంది. ఆ వంపుకు వేగం కట్టి చూస్తే నానోసెకనుకు 30 సెంటీమీటర్లు వస్తుంది. భూమిలో ఆ వేగం ఎక్కడా లేదు. ఏలూరు రోడ్డు వంటి చోట పగలు సర్వే చేస్తే ఇటువంటి భూతాలు బోలెడు. కవచం ఉన్న యాంటెన్నాలు ఈ బాధను తగ్గిస్తాయి గాని, పూర్తిగా పోగొట్టవు.

మన పని ఎక్కువగా నగరాలలోనే కాబట్టి అక్కడ ఇది బాగా అక్కరకు వచ్చే సందర్భాలు కూడా చెప్పాలి. మన రోడ్ల కింద మొదటి అర మీటరు రేగడి కాదు, గ్రావెలు, కంకర, తారు. ఆ పొరల మందాన్ని రోడ్డును కోయకుండానే చెప్పవచ్చు. కాంక్రీటు దిమ్మెకు కోరు, అంటే పరీక్ష కోసం గుండ్రని ముక్క, కోసే ముందు కమ్మీ ఎక్కడుందో గుర్తు పెట్టడంలో దీనికి సాటి లేదు. కాలవ లైనింగు కింద మట్టి కొట్టుకుపోయి ఏర్పడిన బొక్కలు, వంతెన శ్లాబులో పొరలుగా విడిపోయిన చోట్లు, రైలు పట్టాల కింద మట్టి చేరిన కంకర, ఇవన్నీ దీనికి తగిన పనులు. అయితే కమ్మీలు మరీ దగ్గరగా కట్టిన శ్లాబు జల్లెడలా కాక గోడలా పనిచేస్తుంది. దాని కింద ఏముందో కనబడదు. కొత్తగా పోసిన కాంక్రీటులో ఇంకా తడి ఉంటుంది కాబట్టి అక్కడా చూపు తక్కువే. ఒక్కోసారి పైపు కనబడకపోయినా, ఒకప్పుడు దాన్ని పూడ్చడానికి తవ్విన కందకపు అంచులు కనబడతాయి. తవ్వి పూడ్చిన మట్టి ఎన్నేళ్ళయినా తవ్వని మట్టిలా ఉండదు. అనుభవం ఉన్నవారు పైపుకన్నా ముందు కందకాన్ని వెతుకుతారు.

తవ్వకాలకు ముందు సమాచారం ఇచ్చుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో "కాల్ బిఫోర్ యు డిగ్" అనే యాప్ ప్రారంభించింది. అది రాడార్‌కు పోటీ కాదు. ఎవరి ఆస్తి ఎక్కడుందో కాగితం చెబుతుంది, అది నిజంగా అక్కడే ఉందో లేదో యంత్రం చూస్తుంది. ఏ ఒక్కదానితోనూ సరిపెట్టుకోవద్దని నా మనవి.

పురావస్తు శాఖ వారికి ఈ యంత్రం మీద ఉన్న మక్కువ న్యాయమైనదే. ఇటలీలోని ఫలేరీ నోవీ అనే రోమన్ పట్టణం మొత్తాన్ని, ఒక్క గునపం దించకుండా, వీధులు, గుడి, స్నానశాల సహా రాడార్‌తోనే చిత్రించి 2020లో ప్రచురించారు. కాని ఈజిప్టు ఉదాహరణ నాకు ఇంకా విలువైనదిగా తోస్తుంది. టుటన్‌ఖామున్ సమాధి గోడల వెనక రహస్య గదులున్నాయని 2015లో ఒక పురావస్తు పండితుడు ప్రతిపాదించారు. మొదటి రాడార్ సర్వే చేసిన నిపుణుడు ఖాళీలు ఉన్నాయన్నారు. ప్రపంచమంతా పండగ చేసుకుంది. 2016లో మరొక బృందం చూస్తే ఆ ఆనవాళ్ళు కనబడలేదు. 2018లో ఇటలీలోని టూరిన్ నుంచి వచ్చిన మూడో బృందం, వేర్వేరు పౌనఃపున్యాలతో చూసి, గదులు లేవని తేల్చింది. సమాధి అదే, గోడ అదే. గది ఉండాలని కోరుకున్న కంటికి ప్రతి మెరుపూ తలుపులా కనబడుతుంది.

మన భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాలలో బ్రాహ్మీ లిపి ఉన్న ధాతు కరండాలు, అంటే పవిత్ర అవశేషాలు దాచే పేటికలు, బయటపడ్డాయి. అటువంటి దిబ్బ మీద ఈనాడు రాడార్ నడిపితే, నేల పొడిగా ఉంటే, ఇటుక అరుగు అంచు దొరకవచ్చు, దాని ఆకారం దొరకవచ్చు. లోపల కరండం ఉందో, దానిలో ఏముందో మాత్రం చెప్పదు. ఇక్కడ నేలలో ఏదో మారింది అన్నంతవరకే రాడార్ సాక్ష్యం. మారింది ఏమిటి అన్నది మన ఊహ. బంగారం పేరు, వెండి పేరు, రాగి పేరు దానికి తెలియవు. నాకు గొంతు తగ్గించి ఫోన్ చేసేవారికి ఇదే చెబుతాను: తుప్పు పట్టిన నాగలి కర్రూ, బంగారు బిందె దానికి ఒక్కటే, రెండూ లోహాలే. బంగారాన్ని రంగుతో చూపించే రాడార్ అని ఇంటర్నెట్‌లో అమ్మే పరికరాలు కొని నష్టపోయినవారు మన జిల్లాలో కూడా ఉన్నారు. పైగా అనుమతి లేని తవ్వకాలు నేరమన్నది వేరే చెప్పనక్కర లేదు.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లాలో ఎస్.ఎల్.బి.సి. (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పుడు, హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ నిపుణులు జి.పి.ఆర్. తీసుకుని లోపలికి వెళ్ళారు. అనుమానం ఉన్న చోట్లను గుర్తించారన్న వార్త రాగానే, మనుషులు కనబడ్డారన్నంతగా జనం ఆశపడ్డారు. అక్కడున్నది బురద, ఊరుతున్న నీరు, ముక్కలైన బోరింగు యంత్రపు ఇనుము. ఈ మూడింటిలో ఏ ఒక్కటైనా రాడార్‌కు కష్టమే, మూడూ కలిస్తే చెప్పనక్కర లేదు. ఆ స్థితిలో కూడా ప్రయత్నించడం సరైనదే, ప్రాణాల విషయంలో ఏ దారినీ వదలకూడదు. అనుమానం ఉన్న చోటు అన్న మాటను, మనిషి ఉన్న చోటు అని చదువుకోవడమే పొరపాటు.

బోరు కోసం ఫోన్ చేసే రైతుకు నేను జి.పి.ఆర్. వద్దనే చెబుతాను. రెండు మూడు వందల అడుగుల లోతున రాతి పగుళ్ళలో ఉండే నీటిని ఈ యంత్రం చూడలేదు. పైనున్న మన్నులోనే దాని ఆయువు తీరిపోతుంది. ఆ పనికి నిరోధకత సర్వే ఉంది, అది కూడా భరోసా ఇవ్వదు గాని, కనీసం ఆ లోతు దాకా పోతుంది. రాడార్‌ను చంపే బంకమన్నే నిరోధకత సర్వేకు చక్కని లక్ష్యం కావడం ఈ శాస్త్రంలో నాకు నచ్చే విషయాలలో ఒకటి. 2024 వరదలలో విజయవాడ దగ్గర బుడమేరు వాగుకు గండ్లు పడిన తర్వాత కట్టల పరీక్ష గురించి మాట వచ్చినప్పుడు కూడా నేను ఇదే అన్నాను: పైనున్న ఎలుక బొరియలకు, రోడ్డు కింద గుల్లలకు రాడార్ పంపండి, కట్ట గర్భంలో ఎక్కడ తడి ఊరుతోందో చూడటానికి నిరోధకత సర్వే ఎలక్ట్రోడ్లు పాతండి. ఇంటి కుళాయి మరమ్మతుకు వచ్చినవారు ఒక్క స్పానరుతో రారు కదా.

నా మాటలు ఇక్కడితో ఆపుతాను, ఎందుకంటే వెలుతురు పోకముందే మనం బయటికి వెళ్ళాలి. ఈ భవనం వెనక ఖాళీ స్థలంలో ముందటి వేసవిలో నాలుగు పూడ్పించాను: ఒక ఇనుప గొట్టం, నీళ్ళు నింపి మూత బిగించిన పీవీసీ గొట్టం, ఖాళీ పీవీసీ గొట్టం, ఇంకొకటి. అది ఏమిటో చెప్పను. సూత్రప్రకారం ఖాళీ గొట్టం నుంచి వచ్చే తరంగపు ఎత్తుపల్లాలు, ఇనుము నుంచి వచ్చేదానికి తలకిందులుగా ఉండాలి; నీళ్ళున్నది ఇనుముతో కలుస్తుంది గాని బలహీనంగా ఉంటుంది. నిన్న రాత్రి చిన్న జల్లు పడింది, అది కూడా గుర్తు పెట్టుకోండి. బండి విద్యార్థులే తోస్తారు, తెర మీరే చూస్తారు, వేగం మీరే కట్టి లోతులు కాగితం మీద రాస్తారు. ఎక్కడెక్కడ పూడ్చానో నాకు తెలుసు కాబట్టి నేను తెర వైపు చూడను. మీ కాగితాలన్నీ నా చేతికి వచ్చాక, పార పట్టుకుని వాచ్‌మన్ వెంకన్న వస్తాడు.